పరమాణువు పక్కకు జరిగితే ఎవరు చూడొచ్చారు!

మైలుతుత్తం తెలియని తోట రైతు ఉండడు. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా కొట్టే ఆ నీలం పలుకుల దగ్గరే ఈ కథ మొదలైంది. 1912లో జర్మనీలోని మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ లావే చెప్పిన ఊహను పట్టుకుని వాల్టర్ ఫ్రీడ్రిష్, పాల్ నిప్పింగ్ అనే ఇద్దరు యువకులు మైలుతుత్తం స్ఫటికంలోంచి ఎక్స్-రేలు పంపి, వెనకాల ఫోటో పలక పెట్టారు. కడిగి చూస్తే పలక మీద చుక్కలు. ఎక్స్-రేలు తరంగాలేననీ, స్ఫటికంలో పరమాణువులు వరసలు తీరి ఉంటాయనీ, రెండూ ఆ ఒక్క పలకతో రుజువైపోయాయి. చుక్కలు ఎక్కడ పడ్డాయి, ఎంత వెలుగుతో పడ్డాయి అన్నదాన్ని బట్టి ఏ పరమాణువు ఎక్కడుందో లెక్కగట్టే విద్యే ఎక్స్-రే వివర్తనం. లావేకి 1914లోనూ, ఆ లెక్కకు దారి వేసిన బ్రాగ్ తండ్రీకొడుకులకు 1915లోనూ నోబెల్ బహుమతి వచ్చింది. కొడుకు లారెన్స్‌కి అప్పటికి పాతికేళ్లు.

ఎక్స్-రేలను కనిపెట్టిన రాంట్‌జెన్ కూడా అప్పట్లో మ్యూనిక్ విశ్వవిద్యాలయంలోనే ప్రొఫెసర్. ఆ కిరణాలకు వివర్తనం ఉందేమోనని ఆయన తొలినాళ్లలోనే వెతికాడు, దొరకలేదు. చివరికి అది దొరికింది ఆయన ఉన్న ఊళ్లోనే, వేరేవాళ్ల చేతికి.

చింతపండులో ఉన్న పులుపు

ఎక్స్-రేని కాసేపు పక్కన పెడదాం. అయస్కాంతం సంగతి అందరికీ తెలుసు. విద్యుత్తులోనూ దానికి జోడీ లాంటిది ఒకటుంది. కొన్ని స్ఫటికాల్లో ధన, రుణ ఆవేశాల కేంద్రాలు ఒకదాని మీద ఒకటి కుదురుగా ఉండవు, కాస్త ఎడంగా జరిగి ఉంటాయి. బ్యాటరీ తగిలించకపోయినా స్ఫటికానికి ఒక పక్క ధనం, మరో పక్క రుణం. బయటినుంచి వోల్టేజి ఇస్తే ఆ మొగ్గు అటుది ఇటు తిరుగుతుంది. వీటినే ఫెర్రోఎలక్ట్రిక్‌లు అంటారు. ఈ గుణాన్ని మొట్టమొదట గుర్తించింది అమెరికాలోని మిన్నెసోటాలో జోసెఫ్ వాలసెక్, 1920లో. ఆయన చేతిలో ఉన్నది రోషెల్ ఉప్పు. టార్టారిక్ ఆమ్లానికి సోడియం, పొటాషియం కలిసిన లవణం అది. టార్టారిక్ ఆమ్లం అంటే మరేదో కాదు, మన చింతపండుకి పులుపునిచ్చేదే.

అదే టార్టారిక్ కుటుంబం ఇంకోసారి చరిత్రకెక్కింది, ఈసారి ఎక్స్-రే చేతుల్లో. మామూలు ఎక్స్-రే వివర్తనానికి ఒక పుట్టు లోపం ఉంది. ఒక దిశ నుంచి చూసినా దానికి సరిగ్గా ఎదురు దిశ నుంచి చూసినా చుక్క వెలుగు ఒకటే వస్తుంది. దీన్ని 1913లో జార్జెస్ ఫ్రీడెల్ సూత్రంగా చెప్పాడు. అంటే పరమాణువు పైకి జరిగిందా కిందికి జరిగిందా అని అడిగితే ఎక్స్-రే నోరు విప్పదు. అయితే కిరణం శక్తిని ఒక మూలకం బాగా పీల్చుకునే స్థాయికి దగ్గరగా ఎంచుకుంటే ఈ సమానత్వం చెదిరిపోతుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో బైఫుట్ బృందం 1951లో ఈ కిటుకుతో ఒక అణువు కుడిచేతివాటమా ఎడమచేతివాటమా అన్నది తేల్చేసింది. వాళ్లు తీసుకున్న స్ఫటికం సోడియం రుబీడియం టార్ట్రేట్. మళ్లీ చింతపండు చుట్టమే!

ఒక ఒరలో రెండు కత్తులు

అయస్కాంత గుణం, ఫెర్రోఎలక్ట్రిక్ గుణం ఒకే స్ఫటికంలో ఉంటే దాన్ని మల్టీఫెర్రాయిక్ అంటారు. 1994లో జెనీవాలో పనిచేసే హాన్స్ ష్మిడ్ పెట్టిన పేరది. ఇవి అరుదు. ఎందుకంత అరుదన్నది 2000లో నికోలా హిల్ (ఇప్పుడు నికోలా స్పాల్డిన్) తన పరిశోధనా వ్యాసానికి శీర్షికగానే పెట్టి అడిగింది. జవాబు టూకీగా ఇది. పాఠ్యపుస్తకాల ఫెర్రోఎలక్ట్రిక్ అయిన బేరియం టైటనేట్‌లో టైటానియం అయాన్ 120 డిగ్రీల సెల్సియస్‌కి దిగువన నడిమధ్య చోటు వదిలి పక్కకు జరుగుతుంది. ఎంత అంటే, ఆంగ్‌స్ట్రామ్‌లో పదో వంతు దరిదాపుల్లో. మిల్లీమీటర్‌లో కోటో వంతు ఆంగ్‌స్ట్రామ్. అలా జరగాలంటే టైటానియం తాలూకు డి-కక్ష్యలు ఖాళీగా ఉండటం మేలు. అయస్కాంతత్వానికేమో ఆ డి-కక్ష్యల్లోనే జతకూడని ఎలక్ట్రాన్లు ఉండాలి. ఒకదానికి ఖాళీ కావాలి, ఇంకొకదానికి కాపురం కావాలి.

అన్నట్టు, మీ ఫోన్‌లో ఉన్న బుల్లి సెరామిక్ కెపాసిటర్లలో ఎక్కువ భాగం బేరియం టైటనేట్‌తో చేసినవే.

బెజవాడ ఎండకు ఆగని గుణం

విద్యుత్ క్షేత్రంతో అయస్కాంతత్వాన్ని పుట్టించవచ్చేమోనని 1894లోనే పియరీ క్యూరీ స్ఫటికాల సౌష్ఠవం మీద ఆలోచిస్తూ రాశాడు. ఆ మాట అరవై ఏళ్లకు పైగా కాగితం మీదే ఉండిపోయింది. 1959లో సోవియట్ శాస్త్రవేత్త జ్యాలోషిన్‌స్కీ ఫలానా పదార్థంలో వెతకండని వేలు పెట్టి చూపించాడు: క్రోమియం ఆక్సైడ్. ఆకుపచ్చ రంగుల్లో వాడే పొడి అది. మరుసటి ఏడే ఆస్ట్రోవ్ అందులో ఆ ప్రభావాన్ని కొలిచాడు. కాకపోతే సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని అయస్కాంత క్రమం చెదిరిపోతుంది. మే నెల బెజవాడలో ఆరుబయట పెడితే పొద్దున్నే చేతులెత్తేస్తుందన్నమాట.

ఏ స్ఫటికంలో ఈ లంకె సాధ్యం, ఎందులో అసాధ్యం అన్నది ప్రయోగం చెయ్యకుండానే సౌష్ఠవాన్ని బట్టి చెప్పొచ్చు. అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవాన్ని వర్గీకరించే బిందు సమూహాలు మొత్తం 122. వాటిలో క్షేత్రానికి అనులోమంగా పెరిగే ఈ ప్రభావానికి చోటున్నవి 58 మాత్రమే. ఈ గణితంలో మనవాడి చెయ్యి గట్టిగానే ఉంది. కృష్ణా జిల్లాకు చెందిన సూరి భగవంతం వెంకటరాయుడితో కలిసి గ్రూపు సిద్ధాంతాన్ని భౌతికశాస్త్రానికి అన్వయిస్తూ రాసిన ఇంగ్లీషు గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో వాల్తేరు నుంచి ప్రచురించింది. 1964లో పంతులు అనే సహ పరిశోధకుడితో కలిసి అయస్కాంత సౌష్ఠవం స్ఫటిక గుణాలను ఎలా శాసిస్తుందో కూడా ఆయన రాశారు. భగవంతం అనగానే మనకి ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గానో, రక్షణ పరిశోధన సంస్థ అధిపతిగానో గుర్తొస్తారు. ఈ సౌష్ఠవం పని వెనక వరసలోకి పోవడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

మైనస్ 245 డిగ్రీల దగ్గర

ఇక అసలు కథానాయిక. టెర్బియం మాంగనైట్. టెర్బియం, మాంగనీస్, ఆక్సిజన్ కలిసిన నల్లటి స్ఫటికం. 2003లో జపాన్‌లో త్సుయోషి కిమురా, యోషినోరి టోకురా తదితరులు దీన్ని చల్లబరుస్తూ పోతే సుమారు 28 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 245 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఇది ఫెర్రోఎలక్ట్రిక్‌గా మారింది. ఆ మొగ్గు మరీ బలహీనం, బేరియం టైటనేట్‌తో పోలిస్తే వందల రెట్లు తక్కువ. అయినా శాస్త్రలోకం ఉలిక్కిపడింది. కారణం, బలమైన అయస్కాంత క్షేత్రం పెడితే ఆ విద్యుత్ మొగ్గు ఏకంగా 90 డిగ్రీలు పక్కకు తిరిగిపోయింది. పెట్టింది అయస్కాంతం, తిరిగింది విద్యుత్తు.

ఎందుకలా? మాంగనీస్ అయాన్ల స్పిన్‌లు, అంటే ఒక్కో అయాన్‌లోని బుల్లి అయస్కాంతాలు, ఆ చలిలో ఒక వింత వరసలో నిలబడతాయి. దొర్లుతున్న బండి చక్రం అంచున కొట్టిన మేకు ఎలా తిరుగుతూ ముందుకుపోతుందో, ఒక్కో అయాన్ దాటేకొద్దీ స్పిన్ దిశ అలా తిరుగుతూ పోతుంది. సైక్లాయిడ్ అంటారు. 2005లో న్యూట్రాన్ వివర్తనంతో కెంజెల్‌మాన్ బృందం దీన్ని ఖాయం చేసింది. చక్రం ముందుకు దొర్లడం వేరు, వెనక్కి దొర్లడం వేరు కదా. ఆ తేడా చాలు, స్ఫటికంలో పై, కింద అనే భేదం పుట్టడానికి. మొగ్గు ఎటన్నది చక్రం ఎటు దొర్లుతోందో దాన్నిబట్టి ఉంటుంది.

ఇక్కడే పండితులు రెండు శిబిరాలయ్యారు. కట్సురా, నగావోసా, బాలాట్‌స్కీ 2005లో ఎలక్ట్రాన్ మేఘమే కాస్త పక్కకు ఒరిగితే చాలు, అయాన్లు కదలనక్కర్లేదన్నారు. సెర్గియెంకో, డగోట్టో 2006లో కాదు, స్పిన్‌ల తిరుగుడు అయాన్లనే పక్కకు నెడుతుందన్నారు. తేల్చడం తేలికే అనిపిస్తుంది. ఎక్స్-రే పెట్టి అయాన్లు జరిగాయో లేదో చూస్తే సరి. చిక్కంతా ఎక్కడంటే, ఇంత బలహీనమైన మొగ్గుకు కావలసిన జరుగుబాటు మామూలు వివర్తనానికి ఆనదు.

వెయ్యికి ఒకటి తోడైతే

2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పత్రం ఈ చిక్కు ముడి విప్పింది. హెలెన్ వాకర్, డెస్ మెక్‌మారో, లుయిజీ పావోలాసిని తదితరుల పని. స్ఫటికం ఆక్స్‌ఫర్డ్‌ది, అక్కడి డి. ప్రభాకరన్ కూడా ఈ పత్రం రచయితల్లో ఒకరు. కొలత జరిగింది ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో, డ్రాక్, ఇజేర్ నదులు కలిసే చోట 844 మీటర్ల చుట్టుకొలతతో ఉన్న యూరోపియన్ సింక్రోట్రాన్‌లో. (మన ఇండోర్‌లోని ఇండస్-2 చుట్టుకొలత 172 మీటర్లు.)

వాళ్లు చేసిన తమాషా ఇది. వివర్తనంలో మనకు కనబడేది తరంగం ఎత్తు కాదు, దాని వర్గం. జరుగుబాటు వల్ల వచ్చే తరంగం ఎత్తు 1 అనుకోండి. ఒంటరిగా ఉంటే దాని వెలుగూ 1, కనపడదు. దాని పక్కనే 1000 ఎత్తున్న మరో తరంగం ఉందనుకోండి. విడిగా దాని వెలుగు 10,00,000. రెండూ కలిస్తే 1001 వర్గం, అంటే 10,02,001. ఒంటరిగా 1 ఇచ్చింది, తోడు దొరికితే 2000 పైచిలుకు ఇచ్చింది. అంతేకాదు, పరమాణువు ఎదురు వైపు జరిగితే 999 వర్గం, 9,98,001. వెలుగు పెరిగిందా తగ్గిందా చూస్తే ఎటు జరిగిందో కూడా బయటపడుతుంది. ఫ్రీడెల్ సూత్రం మూసేసిన తలుపు ఇంకో గోడలోంచి తెరుచుకుంది. ఈ అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి. పద్ధతి మాత్రం అదే. దీన్ని వ్యతికరణం అంటారు.

తోడు తరంగం ఎక్కడిది? ఎక్స్-రే ఎలక్ట్రాన్ ఆవేశాన్నే కాదు, దాని స్పిన్‌నూ తాకుతుంది. స్పిన్ నుంచి వచ్చే ప్రతిఫలనం ఆవేశం నుంచి వచ్చేదానికంటే మామూలుగా పది లక్షల రెట్లు బలహీనం. సైక్లాయిడ్ సుమారు మూడున్నర స్ఫటిక గదులకు (స్ఫటికంలో పదే పదే వచ్చే అతి చిన్న అమరికే గది) ఒకసారి పునరావృతమవుతుంది కాబట్టి, దాని చుక్కలు మామూలు చుక్కల మధ్య ఖాళీల్లో పడతాయి. వాళ్లు ముందు విద్యుత్ క్షేత్రం పెట్టి చక్రాలన్నీ ఒకే వైపు దొర్లేలా చేశారు. తర్వాత అయస్కాంత క్షేత్రం పెట్టారు. దాంతో అయాన్లు అదే మూడున్నర గదుల తరహాలో అటూ ఇటూ జరిగాయి. ఇప్పుడు ఆ ఖాళీ చోట్లలో స్పిన్ తరంగమూ జరుగుబాటు తరంగమూ ఒకే చుక్కలో కలిశాయి.

తేలిన లెక్క: టెర్బియం అయాన్ జరిగింది సుమారు 20 ఫెమ్టోమీటర్లు. మిల్లీమీటర్‌ను లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఫెమ్టోమీటర్. టెర్బియం పరమాణువు కేంద్రకం అడ్డుకొలతే సుమారు 13 ఫెమ్టోమీటర్లు. అంటే అంత పెద్ద పరమాణువు తన కేంద్రకానికి ఒకటిన్నర రెట్లు మాత్రమే పక్కకు జరిగింది, అది పట్టుబడింది. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. అయస్కాంత క్షేత్రం కింద కొలిచినదానికి సిద్ధాంతపు లెక్క జోడిస్తేనే క్షేత్రం లేనప్పటి మొగ్గు గురించి చెప్పగలిగారు. ఆ మొగ్గులో అయాన్ల జరుగుబాటు వాటా గణనీయం అన్నది వాళ్ల తీర్పు. ఎలక్ట్రాన్ శిబిరం పూర్తిగా ఓడిందని కాదు, అయాన్లు కదలనక్కర్లేదన్న మాట మాత్రం నిలవలేదు.

వణికే పరమాణువు చోటు ఎలా తెలుస్తుంది?

బుద్ధిమంతుడైన పాఠకుడు ఇక్కడ అడ్డం తిరగాలి. పరమాణువులు పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర కూడా కుదురుగా ఉండవు, క్వాంటం నియమం ప్రకారం వణుకుతూనే ఉంటాయి. ఆ వణుకు వేల ఫెమ్టోమీటర్లు. అందులో 20 ఫెమ్టోమీటర్ల జరుగుబాటు ఏపాటి? జవాబు: వివర్తనం ఒక్క పరమాణువును చూడదు. కిరణం పడిన మేర లక్షల కోట్ల గదులుంటాయి, అన్నింటి సగటు ఒక్క చుక్కలోకి వస్తుంది. వణుకు అటూ ఇటూ కొట్టేసుకుపోతుంది, వరస తప్పని జరుగుబాటు మిగులుతుంది. ఒక్క పరమాణువునే చూడగలిగే సూక్ష్మదర్శిని ఇచ్చినా ఈ పని కాదు. గుంపును చూడటమే ఇక్కడ బలం.

పేరు రెండుసార్లు

ఆ 2011 పత్రం రచయితల్లో ఫ్రాన్స్వా ద బెర్జెవాన్ అనే పేరుంది. స్పిన్ నుంచి ఎక్స్-రే వివర్తనాన్ని ప్రపంచంలో మొదటిసారి చూపిన ఇద్దరిలో ఆయన ఒకడు. మిషెల్ బ్రూనెల్‌తో కలిసి 1972లో నికెల్ ఆక్సైడ్ మీద, సింక్రోట్రాన్ ఏమీ లేకుండా, మామూలు ఎక్స్-రే గొట్టంతో చేశారు. పది లక్షల్లో ఒక వంతు వెలుగును పట్టుకోవడమంటే ఓపికకే పరీక్ష. దాదాపు నలభై ఏళ్ల తర్వాత అదే బలహీనమైన వెలుగు మరో బలహీనమైన వెలుగుకు ఊతకర్ర అయితే, ఆ పత్రం మీద ఆయన పేరూ ఉంది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన విశేషం ఇదే.

ఇచ్చిన చేత్తోనే

ఎక్స్-రే పట్టాలు ఇవ్వడమే కాదు, లాక్కుంటుంది కూడా. లుటీషియం, ఇనుము ఉన్న లుటీషియం ఫెర్రైట్ అనే ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్ల సర్దుబాటు ఒక్కదానితోనే ఫెర్రోఎలక్ట్రిసిటీ వస్తోందని 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. పుస్తకాల్లో ఉదాహరణగా చేరిపోయింది. 2012లో జర్మనీలోని యూలిష్ నుంచి డి గ్రూట్, ఆంగ్స్ట్ తదితరులు మంచి స్ఫటికం మీద ఎక్స్-రే వివర్తనం చేసి చూస్తే ఆవేశాల అమరిక అనుకున్న తీరులో లేదు. ఆ అమరికలో ఫెర్రోఎలక్ట్రిసిటీ రావడం కష్టమని తేల్చారు.

ఇంకో చిన్న ముక్క. స్కూల్ ల్యాబ్‌లో సీసాలో కనపడే నల్లటి కాపర్ ఆక్సైడ్ కూడా మల్టీఫెర్రాయిక్కే. కిమురా బృందమే 2008లో చెప్పింది. 213 నుంచి 230 కెల్విన్ మధ్య, అంటే సుమారు మైనస్ 60 నుంచి మైనస్ 43 డిగ్రీల మధ్య మాత్రమే.

గది వేడిలో పనిచేసే వీరుడు బిస్మత్ ఫెర్రైట్. సుమారు 830 డిగ్రీల సెల్సియస్ దాకా ఫెర్రోఎలక్ట్రిక్, 370 దాకా అయస్కాంత క్రమం. మద్రాసు నుంచి వెళ్లిన రామమూర్తి రమేశ్ ఉన్న మేరీలాండ్ బృందం 2003లో దీని పలచటి పొరల్లో అంతకుముందు కొలిచినదానికి సుమారు పది రెట్ల మొగ్గు చూపింది. పొరను సాగదీయడం వల్లే అంత వచ్చిందేమో అనుకున్నారు. తర్వాత స్వచ్ఛమైన స్ఫటికాలు పెంచితే వాటిలోనూ పెద్ద మొగ్గే కనపడింది. లోపం పాత స్ఫటికాల నాణ్యతదే.

కాంతితో తోస్తే

కుదురుగా నిలిచిన జరుగుబాటు సరే, జరుగుతుండగా చూడొచ్చా? కాలిఫోర్నియాలో స్లాక్ కేంద్రంలోని ఎక్స్-రే లేజర్ దగ్గర కుబాట్స్కా, స్టౌబ్, స్టీవెన్ జాన్సన్ తదితరులు 2014లో మళ్లీ టెర్బియం మాంగనైట్‌నే పెట్టారు. స్పిన్‌లు, పరమాణువుల జాలకం జంటగా ఊగే ఒక ప్రత్యేక ఊపు ఇందులో ఉంది, ఎలక్ట్రోమ్యాగ్నాన్ అంటారు. దాని పౌనఃపున్యానికి సరిపోయే సుమారు 1.8 టెరాహెర్ట్జ్ కాంతి పల్స్‌తో స్ఫటికాన్ని తట్టి, వెంటనే అతి పొట్టి ఎక్స్-రే పల్స్‌తో అయస్కాంత చుక్కను చూశారు. సైక్లాయిడ్ తిరిగే తలం అటూ ఇటూ సుమారు 4 డిగ్రీలు ఊగింది. అయస్కాంతాన్ని ముట్టుకోకుండా కాంతిలోని విద్యుత్ క్షేత్రంతోనే స్పిన్‌లను తిప్పారన్నమాట. ఆ తలాన్ని పూర్తిగా తిప్పేయాలంటే ఇంతకంటే చాలా బలమైన పల్స్ కావాలి.